స్కానులో కనిపించని బిళ్ళలు: థైరాయిడ్ క్యాన్సర్ రోగులు, కుటుంబ సభ్యులు తెలుసుకోవలసినవి



మన సంస్థ వైద్య సహాయ కమిటీకి వచ్చే దరఖాస్తుల్లో థైరాయిడ్ ఆపరేషన్లవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. వాటిలో ఎక్కువ ఆడవాళ్ళవే. దరఖాస్తుతో పాటు వచ్చే ప్రశ్న కూడా దాదాపు ఒకటే. "స్కానింగులో మెడ బిళ్ళలు బాగానే ఉన్నాయని రాశారు కదా, మరి వాటిని కూడా తీసేయాలని డాక్టర్ సాబ్ ఎందుకంటున్నారు?" ఒక్కోసారి ఇదే ప్రశ్న తలకిందులుగా వస్తుంది. "థైరాయిడ్ తీశారు. దాన్ని అంటుకుని వచ్చిన రెండు బిళ్ళల్లో క్యాన్సర్ ఉందని బయాప్సీలో తేలింది. ముందే ఎందుకు కనిపెట్టలేకపోయారు?"

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. రెండింటి వెనుకా ఉన్నది ఒకటే విషయం. స్కానుకు అందకుండా మెడ గ్రంథుల్లోకి చేరిన క్యాన్సర్‌ను ఆపరేషన్‌కు ముందే పసిగట్టగలమా? పసిగట్టగలిగితే దానివల్ల రోగికి ఒరిగేది ఎంత? దీనిమీద ప్రపంచమంతటా ఏటా ఎన్నో పరిశోధనా వ్యాసాలు వస్తున్నాయి. వాటి సారాంశం మామూలు కుటుంబానికి అర్థమయ్యేలా చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ.

ముందుగా బిళ్ళల సంగతి

కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టడం, పన్ను చెడితే దవడ కింద బిళ్ళ తగలడం మనందరికీ తెలుసు. వైద్యులు లింఫ్ గ్రంథులు అనేవి ఇవే. ఒంట్లో ఇవి వందల సంఖ్యలో ఉంటాయి. కణజాలం నుంచి ఊరే ద్రవం వీటిగుండా వడకట్టబడి తిరిగి రక్తంలో కలుస్తుంది. క్రిములు అయినా, క్యాన్సర్ కణాలు అయినా ఆ దారిన పోతే ముందుగా చిక్కుకునేది ఇక్కడే.

థైరాయిడ్ గ్రంథి గొంతు ముందు భాగంలో, శ్వాసనాళాన్ని ఆనుకుని, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. దానికి వచ్చే క్యాన్సర్లలో నూటికి 80కి పైగా పాపిల్లరీ రకానివే. ఇది నెమ్మదిగా పెరుగుతుంది, చాలామందిలో పూర్తిగా నయమవుతుంది. కానీ దీనికో స్వభావం ఉంది. బిళ్ళల్లోకి పాకడంలో మాత్రం ఆలస్యం చేయదు. మొదట చేరేది థైరాయిడ్ చుట్టూ, శ్వాసనాళం పక్కన ఉన్న మధ్య భాగపు బిళ్ళల్లోకి. ఆ తర్వాత మెడ పక్కల్లోకి. మధ్యవాటిని దాటుకుని నేరుగా పక్క బిళ్ళల్లోకి దూకడం కూడా కొందరిలో ఉంటుంది. గడ్డ థైరాయిడ్ పై కొసలో ఉన్నప్పుడు ఇలా జరగడం ఎక్కువ.

మెడ పక్కన ఉన్న బిళ్ళలను అల్ట్రాసౌండ్ బాగానే చూపిస్తుంది. చిక్కంతా మధ్య భాగంతోనే. అక్కడి బిళ్ళలకు పైన థైరాయిడే అడ్డం. పక్కన శ్వాసనాళంలోని గాలి ధ్వని తరంగాలను వెనక్కి కొట్టేస్తుంది. కింద ఛాతీ ఎముక. పైగా 2 మిల్లీమీటర్లకన్నా చిన్న క్యాన్సర్ మచ్చ బిళ్ళ ఆకారాన్నే మార్చదు. దాన్ని ఏ స్కానూ చూపలేదు. అందుచేత "స్కానులో లేదు" అన్న మాటకు "అసలే లేదు" అని అర్థం కాదు. స్కాను తీసిన వారి తప్పు కూడా కాదది.

స్కానులో మెడ శుభ్రంగా ఉన్నా ముందుజాగ్రత్తగా మధ్య భాగపు బిళ్ళలను తీసి మైక్రోస్కోపు కింద చూస్తే, సుమారు మూడో వంతు నుంచి సగం మంది దాకా వాటిలో క్యాన్సర్ కణాలు దొరుకుతాయని చాలా ఆసుపత్రుల అనుభవం.

ఈ లెక్క వినగానే గుండె జారుతుంది. కానీ దీనికి జతగా ఇంకో లెక్క చెప్పకపోతే అన్యాయం అవుతుంది. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ తరఫున నిపుణులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి 2012లో ఒక సమీక్ష వేశారు. ఆపరేషన్‌కు ముందే చేతికి తగిలిన, స్కానుకు కనిపించిన బిళ్ళల్లో క్యాన్సర్ ఉన్నవారిలో అది తిరగబెట్టే అవకాశం మధ్యస్థంగా 100కు 22. కంటికి కనిపించక, బయాప్సీలో మాత్రమే బయటపడినవారిలో 100కు 2. పేరు రెండింటికీ ఒకటే, "బిళ్ళల్లోకి పాకింది" అని. నడత మాత్రం వేరు.

జపాన్ వాళ్ళు ఆగి చూశారు

ఈ తేడాను ఇంకా స్పష్టంగా చూపినది జపాన్‌లోని కోబె నగరం. అక్కడి కుమా ఆసుపత్రిలో 1993 నుంచి, డాక్టర్ అకిరా మియావుచి ప్రతిపాదన మీద, ఒక సెంటీమీటరు లోపు పాపిల్లరీ గడ్డలున్న రోగులకు రెండు దారులు చూపారు. వెంటనే ఆపరేషన్ ఒకటి. క్రమం తప్పకుండా స్కాన్లు తీసుకుంటూ కనిపెట్టుకుని ఉండడం రెండోది. గడ్డ శ్వాసనాళానికీ గొంతు నరానికీ దగ్గరగా ఉన్నవాళ్ళను, అప్పటికే బిళ్ళలు కనిపించినవాళ్ళను ఈ రెండో దారిలోకి రానీయలేదు. 2014లో వాళ్ళు ప్రకటించిన ఫలితాల ప్రకారం ఆగి చూసిన 1,235 మందిలో పదేళ్ళకు గడ్డ పెరిగినది 100కు 8 మందిలో, కొత్తగా బిళ్ళలు కనిపించినది 100కు 4 మందికన్నా కొంచెం తక్కువలో. అలా బయటపడినవారికి అప్పుడు ఆపరేషన్ చేశారు. థైరాయిడ్ క్యాన్సర్‌తో ఒక్కరూ చనిపోలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రుల లెక్కల్ని బట్టి చూస్తే, ఈ 1,235 మందిలో కూడా మొదటి రోజునే ఎంతోమందికి దాగిన మచ్చలు ఉండి ఉండాలి. అవి ఉన్నచోటే ఉండిపోయాయి. దాగినవి అన్నీ బయటకు వచ్చేవి కావు.

మరి ఎందుకైనా మంచిదని అందరికీ తీసేస్తే పోదా? ఈ మాట చాలామంది అంటారు. దీని ఖరీదు తెలియక అంటారు.

తీసేయడానికి చెల్లించే మూల్యం

థైరాయిడ్ వెనుక బియ్యపు గింజంత గ్రంథులు నాలుగు ఉంటాయి. వీటిని పారాథైరాయిడ్లు అంటారు. రక్తంలో కాల్షియంను అదుపులో ఉంచేది ఇవే. మధ్య భాగపు బిళ్ళలు తీసేటప్పుడు వీటికి రక్తం అందించే సన్నని నాళాలు దెబ్బతినవచ్చు, ఒక్కోసారి గ్రంథులే కొవ్వుతో కలిసి వెళ్ళిపోవచ్చు. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొందరికి సర్దుకోదు. వాళ్ళు జీవితాంతం రోజుకు రెండు మూడు సార్లు కాల్షియం, దాంతో పాటు విటమిన్ డి మాత్రలు వేసుకోవాలి. మాత్ర తప్పితే పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం. రంజాన్ నెలలో ఇఫ్తార్ దాకా మాత్ర లేకుండా ఉండడం ఇలాంటివారికి ప్రమాదం. రోగికి షరీఅత్ ఇచ్చిన మినహాయింపు ఉండనే ఉంది, నిజమే. కానీ ఏటా ఉపవాసాలు ఉండే ఇల్లాలికి ఆ లోటు ఎంత బాధో మన ఇళ్ళలో వేరే చెప్పనక్కరలేదు. థైరాయిడ్ హార్మోను మాత్రతో ఈ చిక్కు లేదు. అది రోజుకు ఒక్కటే. సహరీకి అరగంట, గంట ముందో, ఇఫ్తార్ భోజనం అయిన మూడు గంటలకో వేసుకోవచ్చు. సమయం మార్చేటప్పుడు డాక్టర్‌కు ఒక మాట చెప్పాలి. కాల్షియం మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

రెండోది గొంతు. స్వరాన్ని నడిపే నరం ఆ బిళ్ళల మధ్యనుంచే వెళుతుంది. అది దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది. పిల్లలకు ఖుర్ఆన్ నేర్పే ఉస్తాదుకైనా, బడిలో పాఠం చెప్పే టీచరుకైనా, కూరగాయల బండి మీద కేకవేసే మనిషికైనా గొంతే బతుకు.

ఇటలీలోని పీసా వైద్యులు స్కానులో బిళ్ళలు కనిపించని 181 మందిని చీటీ వేసినట్లు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు థైరాయిడ్ మాత్రం, రెండో గుంపుకు దాంతో పాటు మధ్య బిళ్ళలు కూడా తీశారు. ఫలితం 2015లో అచ్చయింది. అయిదేళ్ళకు జబ్బు నయం కావడంలో రెండు గుంపులకూ తేడా లేదు. బిళ్ళలు తీయనివారికి రేడియో అయోడిన్ మోతాదులు మళ్ళీ ఇవ్వవలసి రావడం ఎక్కువైంది. తీసినవారిలో శాశ్వత కాల్షియం లోపం ఎక్కువైంది. అంటే ఒకవైపు లాభం, ఇంకోవైపు నష్టం. అందుకే ఎవరికి తీయాలి, ఎవరిని వదిలేయాలి అని ముందే తేల్చే ఉపాయం కోసం ఇంత వెతుకులాట.

దేన్ని బట్టి అంచనా వేస్తారు

గడ్డ పరిమాణం మొదటిది. సెంటీమీటరు దాటితే అవకాశం పెరుగుతుంది. ఒకటికన్నా ఎక్కువ చోట్ల గడ్డలుండడం, గడ్డ గ్రంథి పొరను చీల్చుకుని బయటకు రావడం, స్కానులో ఇసుక రేణువుల్లా తెల్లని చుక్కలు కనిపించడం కూడా అనుమానం పెంచేవే. థైరాయిడ్ క్యాన్సర్ స్త్రీలలో ఎక్కువ అయినా, వచ్చిన పురుషులలో బిళ్ళల్లోకి పాకడం ఎక్కువగా చూస్తారు.

వయస్సు విషయం కాస్త వింతగా ఉంటుంది. దాగిన బిళ్ళలు ఎక్కువగా ఉండేది చిన్న వయస్సు వాళ్ళలో. ప్రాణానికి ముప్పు ఎక్కువగా ఉండేది పెద్ద వయస్సు వాళ్ళలో. 2018 నుంచి వాడుతున్న అంతర్జాతీయ దశల విభజనలో 55 ఏళ్ళు హద్దు. ఆ లోపు వారికి బిళ్ళల్లో ఉన్నా సరే, ఊపిరితిత్తులు, ఎముకల వంటి దూర అవయవాలకు పాకకపోతే అది మొదటి దశే. కాబట్టి పాతికేళ్ళ అమ్మాయి రిపోర్టులో "బిళ్ళల్లో ఉంది" అని రాగానే సంబంధాలు రావని, పిల్లలు పుట్టరని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టడం ఆ పిల్లకు చేసే అన్యాయం. రేడియో అయోడిన్ ఇస్తే మాత్రం ఆ తర్వాత కొన్ని నెలల పాటు గర్భం రాకుండా చూసుకోవాలి, పాలిచ్చే తల్లి అయితే ముందే పాలు మాన్పించాలి. అంతకుమించి ఆ పిల్ల జీవితానికి అడ్డు లేదు.

బిళ్ళల్లో ఒకదాని పేరే డెల్ఫియన్ గ్రంథి. స్వరపేటిక ముందు ఉంటుంది. పూర్వం గ్రీకు దేశంలో డెల్ఫీ అనే ఊళ్ళో జోస్యం చెప్పే గుడి ఉండేది, ఆ పేరే దీనికి పెట్టారు. దీనిలో క్యాన్సర్ ఉంటే మిగతా బిళ్ళల్లో కూడా ఉండే అవకాశం బాగా పెరుగుతుంది. ఆపరేషన్ జరుగుతుండగానే దీన్ని తీసి, గడ్డకట్టించి, మైక్రోస్కోపు కింద చూసి, ఇంకా తీయాలా వద్దా అని నిర్ణయించే సర్జన్లు ఉన్నారు. పేరు జోస్యానిదే గానీ పని జోస్యం కాదు. గైబ్ తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే. వైద్యుడు చేసేది మబ్బును చూసి గొడుగు తీసుకోవడం లాంటిది.

కంప్యూటర్ చెప్పే మార్కులు

పైన చెప్పిన లక్షణాలన్నిటికీ మార్కులు వేసి, కూడి, "మీకు అవకాశం ఇంత శాతం" అని చెప్పే పట్టికలు చాలా వచ్చాయి. ఇప్పుడు స్కాను బొమ్మను నేరుగా కృత్రిమ మేధకు చూపించి, మనిషి కంటికి అందని తేడాలను పట్టిస్తున్నారు. వీటిలో పెద్ద భాగం చైనా ఆసుపత్రుల నుంచి వస్తోంది. పత్రికల్లో "క్యాన్సర్ వ్యాప్తిని ముందే చెప్పేసే ఎ.ఐ." అని శీర్షికలు చూస్తుంటాం.

వీటి పని ఎలా ఉంటుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. స్కానులో ఏమీ కనిపించని 100 మంది రోగులు ఉన్నారనుకుందాం. వారిలో 40 మందికి దాగిన బిళ్ళలు ఉన్నాయి, 60 మందికి లేవు. మన దగ్గర ఒక మంచి పరికరం ఉంది. ఉన్న 40లో 28 మందిని పట్టుకుంటుంది, 12 మందిని వదిలేస్తుంది. లేని 60లో 45 మందిని సరిగ్గా "లేదు" అంటుంది, 15 మందిని ఊరికే భయపెడుతుంది. మొత్తం 43 మందికి "ఉంది" అని వచ్చింది, వారిలో నిజంగా ఉన్నది 28 మందికి. "లేదు" అని వచ్చిన 57 మందిలో 12 మందికి, అంటే సుమారు అయిదుగురిలో ఒకరికి, ఉంది. బొమ్మా బొరుసూ వేయడం కంటే ఇది ఎంతో నయం. ఒక మనిషి మెడ కోయడానికి ఇదొక్కటే ఆధారం అంటే మాత్రం చాలదు.

అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి ఉంది, దీన్ని గురించి శీర్షికలు మాట్లాడవు. ఈ పరికరాలు చెప్పేది "దాగి ఉందా లేదా" అని. రోగికి కావలసింది "దాగినది రేపు నాకు హాని చేస్తుందా లేదా" అని. కోబె అనుభవం చెప్పినట్లు ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు రెండు వారాల్లో బయాప్సీ చెబుతుంది, కనుక దానిమీద పరిశోధన తేలిక. రెండోదానికి పదేళ్ళు ఆగాలి.

పైగా ఈ లెక్కలన్నీ బిళ్ళలు తీయించుకున్న రోగుల నుంచే పుట్టాయి. తీయనివారి బిళ్ళల్లో ఏముందో ఎవరూ చూడలేదు కదా. ఒక ఆసుపత్రిలో, ఒక రకం స్కాను యంత్రం మీద నేర్చుకున్న కంప్యూటర్‌ను ఇంకో ఊరి యంత్రం ముందు పెడితే మార్కులు తగ్గడం మామూలే. బి.ఆర్.ఎ.ఎఫ్. అనే జన్యు మార్పు పరీక్ష గురించి కూడా అడుగుతుంటారు. ఈ మార్పు పాపిల్లరీ క్యాన్సర్‌లో సర్వసాధారణం. అది ఉన్నంత మాత్రాన బిళ్ళల్లో ఉన్నట్లు కాదు. చిన్న గడ్డకు, బిళ్ళలు తీయాలా వద్దా అని తేల్చుకోవడానికి మాత్రమే ఈ పరీక్షకు డబ్బు పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

జకాత్, సదఖా డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. థైరాయిడ్ స్కాన్లు తీయడంలో అనుభవం ఉన్నవారి చేత, మెడ రెండు పక్కలా ప్రతి భాగాన్నీ చూసి, బొమ్మ గీసి, రాసి ఇచ్చే అల్ట్రాసౌండ్ ముందు కావాలి. "మెడలో ఏమీ లేదు" అని ఒక్క వాక్యం రాసిన రిపోర్టుతో ఆపరేషన్ బల్ల ఎక్కవద్దు. అనుమానం ఉన్న బిళ్ళ కనిపిస్తే దానికి కూడా సూది పరీక్ష చేయించాలి. ఆ సూదిని కడిగిన నీటిలో థైరోగ్లోబులిన్ కొలిస్తే సంగతి ఇంకా గట్టిగా తెలుస్తుంది.

తర్వాత సర్జన్. ఏడాదికి 25కి పైగా థైరాయిడ్ ఆపరేషన్లు చేసేవారి చేతిలో ఇబ్బందులు తక్కువని అమెరికాలో వేలమంది రోగుల వివరాలతో చేసిన అధ్యయనం తేల్చింది. "డాక్టర్ సాబ్, మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మీ రోగుల్లో ఎంతమందికి కాల్షియం శాశ్వతంగా తగ్గింది?" అని అడగడం అమర్యాద కాదు. మంచి సర్జన్ కోపం తెచ్చుకోడు. ఆరోగ్యశ్రీ, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డులున్నవారు ముందు ఆ దారి చూసుకుని, దానికి అందని ఖర్చు కోసం కమిటీ దగ్గరకు రావాలి.

గడ్డ చిన్నది, పొర లోపలే ఉంది, మంచి స్కానులో బిళ్ళలు శుభ్రంగా ఉన్నాయి అంటే, ముందుజాగ్రత్త పేరుతో మధ్య బిళ్ళలు తీయనక్కరలేదని 2015 నాటి అమెరికన్ మార్గదర్శకాలు కూడా చెప్పాయి. గడ్డ 4 సెంటీమీటర్లు దాటినా, గ్రంథి బయటకు పాకినా, మెడ పక్క బిళ్ళల్లో ఇప్పటికే ఉందని తేలినా సంగతి వేరు. అప్పుడు సర్జన్ తీయాలంటే "మాకు వద్దు" అని పట్టుపట్టకండి.

మన ఆడవాళ్ళ విషయంలో ఒక మాట. మెడలో గడ్డ దుపట్టా కింద ఏళ్ళ తరబడి దాగిపోతోంది. మగ డాక్టర్ మెడ ముట్టుకుంటాడని, స్కాను తీస్తాడని వెళ్ళకుండా ఉండిపోతున్నారు. మహిళా డాక్టర్‌ను అడగండి, చాలాచోట్ల ఉన్నారు. లేనిచోట వైద్య అవసరం కోసం చూపించుకోవడానికి ఉలమాలు అనుమతి ఇచ్చారు. స్కానుకు అందని బిళ్ళల గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం. చేతికి తగులుతున్న బిళ్ళను చూపించుకోకపోవడం దానికన్నా పెద్ద ముప్పు.

ఆపరేషన్ అయ్యాక బయాప్సీ రిపోర్టులో "2/7" అని కనిపిస్తే, తీసిన ఏడు బిళ్ళల్లో రెండింటిలో క్యాన్సర్ ఉందని అర్థం. ఆ అంకెతో పాటు అతి పెద్ద మచ్చ ఎన్ని మిల్లీమీటర్లో, బిళ్ళ పొర దాటి బయటకు వచ్చిందో లేదో కూడా రాసి ఉండాలి. అయిదు లోపు బిళ్ళలు, అన్నీ 2 మిల్లీమీటర్లకన్నా చిన్న మచ్చలు అయితే 2015 మార్గదర్శకాల లెక్కలో అది తక్కువ ప్రమాదం కిందికే వచ్చేది. రేడియో అయోడిన్ ఇవ్వాలా, రెండో ఆపరేషన్ అవసరమా అన్నది ఈ వివరాలను బట్టే తేలుతుంది. రాయకపోతే ల్యాబుకు వెళ్ళి అడగండి, గాజు పలకలు వాళ్ళ దగ్గర భద్రంగానే ఉంటాయి. కమిటీకి దరఖాస్తు పెట్టేటప్పుడు స్కాను రిపోర్టు, సూది పరీక్ష, బయాప్సీ కాగితాలు మూడూ జతచేయండి. అసలు కాగితాలు ఇంట్లో ఉంచుకుని, నకళ్ళు ఇస్తే చాలు.